షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్: పదకొండు సెకన్ల పందెంలో పదిహేడేళ్లు

మహిళల 100 మీటర్ల ప్రపంచ రికార్డు షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్ పేరు మీద ఎప్పుడూ లేదు. 1988లో అమెరికా స్ప్రింటర్ ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ నమోదు చేసిన 10.49 సెకన్ల టైమింగ్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఒలింపిక్ రికార్డు కూడా షెల్లీది కాదు. అది ఆమె సొంత దేశం జమైకాకే చెందిన ఎలేన్ థాంప్సన్ హెరా 2021లో టోక్యోలో పెట్టిన 10.61. షెల్లీ అత్యుత్తమ టైమింగ్ 10.60, వేగం లెక్కన చరిత్రలో మూడో స్థానం. అయినా 100 మీటర్లలో అందరికంటే గొప్ప మహిళా స్ప్రింటర్ ఎవరన్న చర్చ వస్తే మొదట వినబడే పేరు ఆమెదే.

అభిమానులు ముచ్చటపడి అనే మాట కాదిది. ప్రపంచ చాంపియన్‌షిప్ 100 మీటర్లలో ఆమెకి అయిదు స్వర్ణాలున్నాయి: 2009, 2013, 2015, 2019, 2022. మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ ఈ పందేన్ని అన్నిసార్లు గెలిచినవాళ్లు ఇంకెవరూ లేరు. ఉసేన్ బోల్ట్, కార్ల్ లూయిస్, మారిస్ గ్రీన్ తలా మూడుసార్లు గెలిచారు. ఒలింపిక్స్‌లో బీజింగ్, లండన్, రియో, టోక్యో, వరసగా నాలుగింటిలో 100 మీటర్ల పతకం తెచ్చుకుంది. అది కూడా ఇంకెవరికీ సాధ్యపడలేదు. రిలేలు, 200 మీటర్లు కలుపుకుంటే ఒలింపిక్ పతకాలు 8, ప్రపంచ చాంపియన్‌షిప్ పతకాలు 17.

ఈ అంకెలన్నిటిలో ఆగి చూడాల్సింది ఒకటుంది. మొదటి ప్రపంచ స్వర్ణం గెలిచినప్పుడు ఆమెకి 22 ఏళ్లు, అయిదోది గెలిచినప్పుడు 35. ఈ రెంటి మధ్య ఉన్న పదమూడేళ్లే అసలు విశేషం. మారథాన్‌లో అయితే వయసు మీదపడ్డా అనుభవం ఆదుకుంటుంది. ఎప్పుడు వేగం పెంచాలో, ఎప్పుడు తగ్గాలో తెలిసినవాళ్లు కొంత నెట్టుకు రాగలరు. 100 మీటర్లలో ఆ వెసులుబాటు లేదు. ఒంట్లో ఉన్న శక్తి మొత్తాన్నీ ఒక్కసారిగా బయటికి తీయాలి. పేలుడులాంటి ఆ శక్తినిచ్చే కండరాల చురుకు వయసుతో పాటు తగ్గుతుంది. తొడ వెనక కండరాలు, మడమ నరాలు ఏళ్ల తరబడి దెబ్బలు తిని ఉంటాయి. గట్టిగా సాధన చేసిన మర్నాడు ఒళ్లు కోలుకోవడానికి ఇదివరకటికంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. కాబట్టి ముప్పై దాటిన స్ప్రింటర్‌ని చూడగానే చివరి రోజుల్లో ఉందనుకోవడం సహజం. షెల్లీ తన అత్యుత్తమ టైమింగ్ పరిగెత్తింది 34 ఏళ్ల వయసులో.

ఆమె 1986 డిసెంబరు 27న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని వాటర్‌హౌస్‌లో పుట్టింది. ముఠా తగాదాలకీ కాల్పులకీ పేరుపడిన పేటల్లో అదొకటి. తల్లి మాక్సీన్ వీధుల్లో సరుకులు అమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచింది. తల్లీ పిల్లలూ ఒకే గదిలో, ఒకే మంచం మీద పడుకున్న రోజులున్నాయి. మాక్సీన్ కూడా వయసులో ఉన్నప్పుడు బాగా పరిగెత్తేది, కానీ ఆ పరుగు ఎక్కడికీ చేరకుండానే ఆగిపోయింది. కూతురికి ఆ గతి పట్టకూడదన్న పట్టుదల ఆమెది. ఉల్మర్స్ బాలికల పాఠశాలలో చదివే రోజుల్లో అక్కడి పూర్వ విద్యార్థినుల సంఘానికి చెందిన ఒకావిడ పుస్తకాలకీ దుస్తులకీ సాయం చేసింది. 2013లో షెల్లీ ‘పాకెట్ రాకెట్’ పేరుతో ఫౌండేషన్ పెట్టి, చదువూ ఆటా రెండూ ఉన్న హైస్కూలు పిల్లలకి స్కాలర్‌షిప్పులు ఇవ్వడం మొదలుపెట్టడానికి మూలం ఆ సాయమే.

జమైకాలో బడిపిల్లల పరుగుకి ఎంత గౌరవం ఉందో చెప్పకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. అక్కడ ఏటా ‘చాంప్స్’ అని అంతర పాఠశాలల పోటీలు జరుగుతాయి. అబ్బాయిల పోటీలు 1910లో మొదలయ్యాయి. ఇప్పుడు అబ్బాయిలకీ అమ్మాయిలకీ కలిపే అయిదు రోజుల పాటు నేషనల్ స్టేడియంలో పెడతారు. స్టేడియం కిక్కిరిసిపోతుంది. పదిహేనేళ్ల పిల్ల కూడా వేలమంది అరుపుల మధ్య, పరుగు మొదలుపెట్టేటప్పుడు కాళ్లు ఆనించే బ్లాక్స్‌లో కూర్చోవడం నేర్చుకుంటుంది. పెద్ద పోటీల్లో జమైకా అమ్మాయిలు టెన్షన్ పడకుండా కనిపించడానికి ఈ అలవాటు కూడా ఒక కారణం.

అయితే బడి రోజుల్లో షెల్లీ అందరి నోళ్లలో నానిన పేరేమీ కాదు. ఆమె దశ తిరిగింది యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో చేరి, అక్కడి ఎంవీపీ ట్రాక్ క్లబ్‌లో కోచ్ స్టీఫెన్ ఫ్రాన్సిస్ దగ్గర సాధన మొదలుపెట్టాక. అంతకుముందు తరంలో మంచి జమైకా స్ప్రింటర్ అంటే అమెరికా కాలేజీలో స్కాలర్‌షిప్ మీద చేరాల్సిందే. తొమ్మిది ఒలింపిక్ పతకాలు గెలిచీ ఒక్క స్వర్ణం కూడా అందుకోలేకపోయిన మెర్లీన్ ఓటీ ఆ దారిలోనే వెళ్లింది. ఫ్రాన్సిస్ 1999లో మరి కొందరితో కలిసి ఎంవీపీని మొదలుపెట్టింది ఇంట్లోనే ఉండి ప్రపంచ స్థాయికి చేరవచ్చని నిరూపించడానికి. పేరున్నవాళ్ల వెంట పడకుండా, ఎవరూ పట్టించుకోని పిల్లల్ని తీసుకుని తయారుచేయడం ఆయన పద్ధతి. షెల్లీ అలాంటి పిల్లే. 2007లో ఆమె అత్యుత్తమ టైమింగ్ 11.31. ఆ ఏడాది ఒసాకా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రిలే హీట్స్‌లో పరిగెత్తే అవకాశం దొరికింది, అంతే.

ఏడాది తిరగకుండానే 2008 జూన్‌లో జమైకా ఒలింపిక్ ట్రయల్స్‌లో, అంటే జట్టు ఎంపిక పోటీల్లో, 10.85తో రెండో స్థానం. కెరాన్ స్టీవర్ట్ మొదటి స్థానం, షెరోన్ సింప్సన్ మూడో స్థానం. అప్పటి ప్రపంచ చాంపియన్ వెరోనికా క్యాంప్‌బెల్ బ్రౌన్ వెంట్రుక వాసిలో నాలుగో స్థానానికి పడిపోయింది. నిబంధన ప్రకారం మొదటి ముగ్గురికే చోటు. దేశంలో గొడవ మొదలైంది. ప్రపంచ చాంపియన్‌ని ఇంట్లో కూర్చోబెట్టి ఎవరూ ఎరగని 21 ఏళ్ల పిల్లని ఒలింపిక్స్‌కి ఎలా పంపుతారని చాలామంది అడిగారు. షెల్లీని తప్పించి ఆ చోటు వెరోనికాకి ఇవ్వాలన్నారు. జమైకా అథ్లెటిక్స్ సంఘం ఒప్పుకోలేదు. ట్రయల్స్‌లో వచ్చిన ఫలితమే ఆఖరు మాట అని నిలబడింది.

ఆ నిర్ణయం అప్పటికి మొండితనంలా కనిపించి ఉండవచ్చు. కానీ పేరును బట్టి కాకుండా పరుగును బట్టి ఎంపిక చేయడం అంటే అదే. ఆ రోజు నిబంధనని పక్కనపెట్టి ఉంటే తర్వాత జరిగిందంతా జరిగేదో కాదో ఎవరూ చెప్పలేరు. ఆగస్టు 17న బీజింగ్ ‘పక్షిగూడు’ స్టేడియంలో ఆమె 10.78తో గెలిచింది. వెనకే వచ్చిన స్టీవర్ట్, సింప్సన్ ఇద్దరూ 10.98తో సమానంగా ముగించడంతో ఇద్దరికీ రజతం ఇచ్చారు, కాంస్యం ఎవరికీ లేదు. పతకాలు మూడూ జమైకావే. గెలుపుకీ రెండో స్థానానికీ మధ్య సెకనులో అయిదో వంతు తేడా, ఈ పందెంలో అది చాలా పెద్దది. పళ్లకి క్లిప్పులతో, గీత దాటాక ఎగిరి గంతులేస్తూ నవ్విన ఆ అమ్మాయి ఒలింపిక్ 100 మీటర్ల స్వర్ణం గెలిచిన మొదటి జమైకా మహిళ. ఓటీకి దక్కనిది ఆమెకి దక్కింది. ఆ క్రీడల్లోనే రిలే ఫైనల్లో మాత్రం బ్యాటన్ చేతులు మారే చోట పొరపాటు జరిగి జమైకా పందెం పూర్తి చేయలేకపోయింది.

పొట్టి మనిషి పరుగు

షెల్లీ ఎత్తు 1.52 మీటర్లు, అంటే అయిదడుగులు. పొట్టివాళ్లు గట్టివాళ్లని మనవాళ్లు అంటారు గానీ స్ప్రింట్‌లో ఆ గట్టిదనం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది కాస్త విప్పి చూడాలి.

పరుగు వేగం రెండు విషయాల గుణకారం: ఒక్కో అంగ ఎంత పొడవు, సెకనుకి ఎన్ని అంగలు. పొడుగు కాళ్లవాళ్లకి మొదటిది కలిసొస్తుంది. పొట్టివాళ్లు రెండోదాన్ని పెంచుకుని ఆ లోటు పూడ్చుకోవాలి. 100 మీటర్ల పందెం అంతా ఒకే పరుగులా కనిపిస్తుంది కానీ అందులో మూడు వేరు వేరు పనులున్నాయి. తుపాకి మోగగానే బ్లాక్స్‌ని తన్ని బయటపడి, నిలకడ నుంచి వేగం పుట్టించడం మొదటిది. సుమారు 50, 60 మీటర్ల దగ్గర గరిష్ఠ వేగం అందుకోవడం రెండోది. అక్కణ్నుంచి గీత దాకా ఆ వేగాన్ని పోనివ్వకుండా చూసుకోవడం మూడోది. టీవీలో చూస్తే ఆఖరి 20 మీటర్లలో ఎవరో దూసుకొస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అక్కడ వేగం పెరిగేవాళ్లు ఎవరూ ఉండరు. అందరూ నెమ్మదిస్తూనే ఉంటారు, తక్కువ నెమ్మదించినవాళ్లు దూసుకొచ్చినట్టు కనిపిస్తారు.

ఎత్తు తక్కువ ఉన్నవాళ్లు మొదటి పనిలో మెరుగ్గా ఉండే వీలుంది. కాళ్లు పొట్టి కాబట్టి వాటిని త్వరగా తిప్పగలరు, ఒంటిని త్వరగా కదిలించగలరు. షెల్లీ ఈ పనిలో తన కాలంలో సాటిలేనిది. బ్లాక్స్ నుంచి బయటికొచ్చాక తల దించి, ఒళ్లు ముందుకి వంచి, నేలని వెనక్కి తోస్తూ వెళ్లే తీరు చూస్తే 30 మీటర్ల దగ్గరే పందెం అయిపోయిందనిపించేది. ‘పాకెట్ రాకెట్’ అన్న ముద్దుపేరు అలా వచ్చిందే. 2014లో సోపోట్ ఇండోర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 60 మీటర్లని 6.98తో గెలవడం ఆ బలానికి సహజమైన ఫలితం, ఎందుకంటే 60 మీటర్లలో మూడో పనికి పెద్దగా చోటే లేదు.

లోటు కూడా అక్కడే ఉంది. తొలి ఏళ్లలో ఆమె ముందు సంపాదించుకున్న దూరాన్ని చివర్లో కాపాడుకోవాల్సి వచ్చేది. 2009 బెర్లిన్‌లో 10.73తో గెలిచినప్పుడు స్టీవర్ట్ 10.75తో మెడ మీదికి వచ్చింది. 2012 లండన్‌లో 10.75 పరిగెత్తితే అమెరికాకి చెందిన కార్మెలిటా జెటర్ 10.78. ఇవి వెనకనుంచి తరుముకొస్తున్నవాళ్లకి అందకుండా గీత దాటిన గెలుపులు. అప్పట్లో ఆమెని ఓడించాలంటే చివరి 30 మీటర్లలోనే ఓడించాలని అందరికీ తెలుసు.

2012 తర్వాత ఆమె 200 మీటర్లని గంభీరంగా తీసుకోవడాన్ని ఈ వెలుగులో చూడాలి. లండన్‌లో 22.09తో రజతం, అలిసన్ ఫీలిక్స్ వెనక. మరుసటి ఏడాది మాస్కో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 22.17తో స్వర్ణం. రెట్టింపు దూరానికి చేసే సాధన వేగాన్ని నిలుపుకునే ఓపికనిస్తుంది. అదే మాస్కోలో ఆమె 100 మీటర్లని 10.71తో గెలిచింది. చివర్లో ఎవరూ దగ్గరికి కూడా రాలేదు. రిలేతో కలిపి మూడు స్ప్రింట్ స్వర్ణాలూ ఒకే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గెలిచిన మొదటి మహిళ అయింది. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ అథ్లెట్ పురస్కారం కూడా ఆమెకే వచ్చింది. 100 మీటర్ల గెలుపు ఒక్కటే చూస్తే మాస్కో ఆమె తొలి దశకి శిఖరం.

అయిపోయిందనుకున్న ప్రతిసారీ

ఈ కెరీర్‌ని గెలుపుల వరసగా చెబితే అసలు విషయం జారిపోతుంది. ఇందులో కనీసం మూడుసార్లు ఆమె పని అయిపోయిందనిపించింది.

మొదటిది 2010. షాంఘై డైమండ్ లీగ్‌లో చేసిన పరీక్షలో ఆక్సికోడోన్ బయటపడింది. అది గట్టి నొప్పిమందు, పోటీ సమయంలో నిషిద్ధం. పంటి నొప్పికి కోచ్ దగ్గర ఉన్న మందు వేసుకున్నానని, దాన్ని ముందుగా తెలియజేయలేదని ఆమె ఒప్పుకుంది. ఆరు నెలల నిషేధం పడింది. పరుగు వేగాన్ని పెంచే మందు కాకపోయినా నిబంధన నిబంధనే. ఒంట్లోకి వెళ్లే ప్రతిదానికీ అథ్లెట్‌దే బాధ్యత. ఆమె గొప్పతనం గురించి రాసేటప్పుడు ఈ ఆరు నెలల్ని దాటేయడం సరికాదు. తర్వాతి ఏడాది డేగూ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 100 మీటర్లలో నాలుగో స్థానం దగ్గర ఆగిపోయింది. ఒక్క ఒలింపిక్స్ మెరుపేనేమో అన్న అనుమానాలకి అది బలమిచ్చింది. జవాబు లండన్‌లో వచ్చింది. వయోమియా టైయస్, గెయిల్ డీవర్స్ తర్వాత వరసగా రెండు ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం నిలుపుకున్న మూడో మహిళ ఆమె.

రెండోది 2016. వరసగా మూడో ఒలింపిక్ స్వర్ణం ఏ మహిళకీ లేదు, ఆమె దానికోసం రియో వెళ్లింది. కానీ ఆ సీజన్ అంతా కాలి బొటనవేలి గాయంతో గడిచింది. తోసుకుంటూ ముందుకెళ్లే పరుగులో నేలని చివరిసారి తాకేది బొటనవేలే. ఆమెకున్న అతిపెద్ద ఆయుధం స్టార్ట్, దాని మీదే దెబ్బ పడింది. 10.86తో కాంస్యం వచ్చింది. గెలిచింది అదే క్లబ్‌లో, అదే కోచ్ దగ్గర ఆమెతో కలిసి సాధన చేసిన ఎలేన్ థాంప్సన్ (తర్వాత థాంప్సన్ హెరా). రంగు వేసుకున్న జుట్టుతో, కుంటుకుంటూ తెచ్చుకున్న ఆ కాంస్యాన్ని ఆమె ఓటమిగా చూడలేదు. చూడనక్కర్లేదు కూడా.

ఆ తర్వాత గర్భం. 2017 ఆగస్టు 6న లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆమె గెలవాల్సిన టైటిల్‌ని టోరీ బోవీ గెలిచింది. మర్నాడే, ఆగస్టు 7న షెల్లీకి అత్యవసర సిజేరియన్‌తో కొడుకు జయాన్ పుట్టాడు. ముప్పై ఏళ్లు నిండిన స్ప్రింటర్, కడుపు కండరాల మీద కోత. బ్లాక్స్ నుంచి లేచేటప్పుడు కాళ్ల శక్తిని ఒంటికి అందించేది నడుమూ పొట్టా. అవి బలహీనపడితే తొడల్లో ఎంత బలమున్నా చెదిరిపోతుంది. అంటే ఆమె మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. పిల్లవాడిని చూసుకుంటూ, నిద్ర చాలని రోజుల్లో.

2018లో తిరిగొచ్చింది. ఆ ఏడాది అత్యుత్తమం 10.98. మామూలు స్ప్రింటర్‌కి అది జీవితకాలపు టైమింగ్, ఆమెకి మాత్రం పదేళ్ల వెనక్కి వెళ్లినట్టు. అదే ఏడాది కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియం దగ్గర ఆమె విగ్రహం ఆవిష్కరించారు. విగ్రహాలు సాధారణంగా ఆట ముగిశాక పెడతారు. 2019లో దోహాలో, ఇంద్రధనుస్సు రంగుల జుట్టుతో, ఆమె 10.71తో గెలిచింది. ఆరేళ్ల క్రితం మాస్కోలో వచ్చిన టైమింగే, సెకనులో వందో వంతు కూడా తేడా లేదు. 1995లో గ్వెన్ టోరెన్స్ తర్వాత తల్లి అయ్యాక 100 మీటర్ల ప్రపంచ టైటిల్ గెలిచింది ఆమే. రెండేళ్ల కొడుకుని ఎత్తుకుని స్టేడియం చుట్టూ తిరిగింది. ఫీలిక్స్ కూడా బిడ్డ పుట్టిన పది నెలలకే దోహాలో అమెరికా రిలే జట్టుతో స్వర్ణం గెలిచింది. గర్భం దాల్చితే స్పాన్సర్లు డబ్బు తగ్గించే పద్ధతి మీద ఆ ఏడాదే అథ్లెట్లు బహిరంగంగా మాట్లాడడం మొదలైంది. వాదనలు ఎన్ని ఉన్నా ట్రాక్ మీద కనిపించిన ఆ దృశ్యాలకి ఉన్న బలం వేరు.

ముప్పై నాలుగేళ్ల వేగం

దోహాతో ఆగి ఉంటే అది చక్కటి ముగింపు. ఆమె బదులుగా కోచ్‌ని మార్చింది. పదిహేనేళ్లకి దగ్గర పడుతున్న అనుబంధాన్ని వదిలి రేనాల్డో వాల్కాట్ దగ్గర చేరింది. 2021 జూన్ 5న కింగ్‌స్టన్‌లో 10.63 పరిగెత్తింది. గ్రిఫిత్ జాయ్‌నర్ తర్వాత, అంటే 33 ఏళ్లలో, ఏ మహిళా అంత వేగంగా పరిగెత్తలేదు. ఆగస్టు 26న లొజాన్‌లో దాన్ని 10.60కి తెచ్చింది, అదీ కొద్ది వారాల కిందటే తనని ఒలింపిక్ ఫైనల్లో ఓడించిన థాంప్సన్ హెరాని వెనక్కి నెట్టి.

ఇక్కడ ఒక ప్రశ్న అడగక తప్పదు. ఆ కాలంలోనే కొత్త తరం ‘సూపర్ స్పైక్స్’ వచ్చాయి. తేలికైన నురుగు, దాని మధ్య బిగువైన పలక ఉన్న బూట్లు. మధ్య దూరాల్లో, స్ప్రింట్లలో కూడా టైమింగ్‌లు ఒక్కసారిగా మెరుగుపడ్డాయి. మరి 2012లో పరిగెత్తిన 10.70కీ 2021 నాటి 10.60కీ మధ్య తేడాలో బూట్ల వాటా ఎంత, మనిషి వాటా ఎంత? కచ్చితంగా విడదీసి చెప్పడం కుదరదు. కానీ బూట్లు అందరికీ వచ్చాయి, వయసు మాత్రం ఆమెకే మీద పడింది. తనకంటే అయిదారేళ్లు, పదేళ్లు చిన్నవాళ్లు అవే సౌకర్యాలతో పరిగెడుతుంటే వాళ్లకంటే ముందుండడాన్ని బూట్లతో వివరించలేం.

2022 అందుకు రుజువు. ఆ సీజన్‌లో ఆమె ఏడుసార్లు 10.70 కంటే తక్కువ సమయంలో పరిగెత్తింది. నైరోబి, పారిస్, యూజీన్, చోజూఫ్, సేకష్‌ఫెహేర్‌వార్, మొనాకో, జూరిక్. ఖండాలు మారాయి, వాతావరణం మారింది, గడియారం మీద అంకెలు మాత్రం 10.62 నుంచి 10.67 మధ్యే ఆడాయి. ఒక్కసారి అద్భుతం జరగడానికి గాలి అనుకూలించి, రోజు కలిసొస్తే చాలు. ఏడుసార్లు జరిగితే అది ఆమె స్థాయి. యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో 10.67 అప్పటికి చాంపియన్‌షిప్ రికార్డు. షెరికా జాక్సన్ 10.73, థాంప్సన్ హెరా 10.81. పతకాలు మళ్లీ మూడూ జమైకావే. ఆ పరుగులో గమనించాల్సింది చివరి 30 మీటర్లు. జాక్సన్ అసలు 400 మీటర్ల నుంచి వచ్చిన రన్నర్, చివర్లో వేగం పోనివ్వకపోవడమే ఆమె బలం. అలాంటి మనిషికి ఆ చివరి భాగంలో అందలేదంటే, బెర్లిన్‌లో, లండన్‌లో కనిపించిన లోటు పదేళ్లలో పూడిపోయిందన్నమాట. వయసుతో పాటు స్టార్ట్‌లో ఏ కొంచెం పోయినా, పందెం రెండో సగంలో ఆమె ఎక్కువ సంపాదించుకుంది. 200 మీటర్ల సాధన, కండ బలం, పరుగు తీరులో మార్పులు, అన్నీ కలిసి అలా తయారుచేశాయి. ఇరవైల్లో ఉన్న షెల్లీ, ముప్పైల్లో ఉన్న షెల్లీ ఒకే లేన్‌లో పరిగెత్తిన ఇద్దరు వేరు వేరు స్ప్రింటర్లు.

ప్రత్యర్థుల మాట కూడా చెప్పాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. జమైకా స్ప్రింటర్‌కి ఇంట గెలవడమే ఎక్కువ కష్టం. క్యాంప్‌బెల్ బ్రౌన్, స్టీవర్ట్, సింప్సన్, తర్వాత థాంప్సన్ హెరా, జాక్సన్, ఆ తర్వాత క్లేటన్ కవలలు. 2019 ట్రయల్స్‌లో థాంప్సన్ హెరా, షెల్లీ ఇద్దరిదీ 10.73, గెలుపు ఎలేన్‌ది. ప్రపంచంలో మొదటి ముగ్గురిలో ఉండేవాళ్లు సొంత దేశంలో రెండో స్థానంలో రావడం అక్కడ మామూలే. ఇది ఒత్తిడి పెంచుతుంది, నిజమే. కానీ ఏటా జూన్‌లోనే ఆగస్టు స్థాయి పరుగు పరిగెత్తక తప్పని పరిస్థితి ఒక మనిషిని పదిహేనేళ్లు పదునుగా ఉంచింది కూడా. ఆమె కాలంలో జమైకా అమ్మాయిలు 2008లో, 2021లో ఒలింపిక్ 100 మీటర్ల పతకాలన్నీ ఊడ్చేశారు. ఆ రెండు ఫైనల్స్‌లోనూ పతకం అందుకున్నది షెల్లీ ఒక్కతే.

2023లో మోకాలి గాయం సీజన్‌ని బాగా కుదించింది. ఆ వసంతంలో కొడుకు బడి క్రీడల్లో తల్లుల పరుగు పందెంలో ఆమె మిగతా అమ్మల్ని ఎక్కడో వెనక వదిలేసి పరిగెత్తిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో షకారీ రిచర్డ్‌సన్, జాక్సన్ వెనక 10.77తో కాంస్యం. 2024 పారిస్ ఆమెకి అయిదో ఒలింపిక్స్. హీట్‌లో 10.92తో ముందుకెళ్లింది, సెమీఫైనల్‌కి మాత్రం రాలేదు. వార్మప్ ట్రాక్ గేటు దగ్గర ఆమెని ఆపిన వీడియో, ఆ తర్వాత పోటీ నుంచి తప్పుకోవడం, అంత గొప్ప కెరీర్‌కి అలాంటి ముగింపేమిటని అభిమానులు బాధపడ్డారు. పారిస్సే తన చివరి పోటీ అని అంతకుముందు అన్న షెల్లీ మనసు మార్చుకుంది. మరో ఏడాది సాధన చేసి, 38 ఏళ్ల వయసులో ట్రయల్స్‌లో మొదటి ముగ్గురిలో నిలిచి టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌కి టికెట్ సంపాదించుకుంది. పదిహేడేళ్ల కిందట ఆమెకి చోటిచ్చిన నిబంధనే మళ్లీ ఇచ్చింది. ఈసారి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

టోక్యోలో 2025 సెప్టెంబరు 14న 100 మీటర్ల ఫైనల్లో 11.03తో ఆరో స్థానం. గెలిచిన మెలిసా జెఫర్సన్ వుడెన్ 10.61తో కొత్త చాంపియన్‌షిప్ రికార్డు పెట్టింది. వారం తర్వాత, సెప్టెంబరు 21న రిలే ఫైనల్. నాలుగేళ్ల కిందట ఇదే స్టేడియంలో, కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేని ఖాళీ కుర్చీల ముందు ఆమె రిలే ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఈసారి జనం ఉన్నారు, వాన పడుతోంది, ట్రాక్ తడిసిపోయి ఉంది. జమైకా మొదటి అంచె షెల్లీకి ఇచ్చింది. బ్లాక్స్ నుంచి లేచి వంపు తిరిగేది మొదటి అంచెలోనే, అంటే బీజింగ్ నాటి నుంచీ ఆమె అందరికంటే బాగా చేసిన పని అదే. తుపాకి మోగింది. తడి ట్రాక్ మీద ఆమె వంపు దాటి వచ్చి, బీజింగ్ ఫైనల్ నాటికి నాలుగేళ్ల పిల్లయిన టియా క్లేటన్ చేతిలో బ్యాటన్ పెట్టింది. టియా తన కవల టీనాకి, టీనా జోనియెల్ స్మిత్‌కి అందించారు. అమెరికా 41.75, జమైకా 41.79. రజతం.